సింగపూర్ నుంచి ఒక్కరోజు మలక్కా వెళ్తున్నారా?

సింగపూర్‌లో ఉన్న మనవాళ్లు మలేషియాలోని మలక్కాకు పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. దూరం సుమారు 240 కిలోమీటర్లే, కానీ అసలు టైమంతా సరిహద్దులోనే పోతుంది. అందుకే శని, ఆదివారాలూ సెలవులూ వద్దు. వారం మధ్యలో, తెల్లవారుజామున మొదటి బస్సుకే బయలుదేరండి.

మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు (ఆ దేశంలోకి వెళ్లేవాళ్లు ఆన్‌లైన్‌లో నింపే ఫారం) ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచే నింపగలరు. ఇంట్లోనే నింపేసుకుంటే క్యూలో టెన్షన్ ఉండదు. బస్సు ఎక్కేముందే నంబర్ ప్లేటు ఫోటో తీసుకోండి, చెక్‌పోస్టు దగ్గర దిగేటప్పుడు బ్యాగు వెంట తీసుకెళ్లండి. ఆలస్యమైతే బస్సు ఆగకపోవచ్చు.

ఊళ్లో డచ్చివాళ్ల ఎర్రభవనం స్టాడ్‌హౌస్, 1753 నాటి క్రైస్ట్ చర్చి పక్కపక్కనే ఉంటాయి. ఫోటోలు దిగి అక్కడితో ఆగిపోకండి. నది దాటితే ఒకే వీధి వరుసలో వినాయకుడి గుడి, మసీదు, చీనా గుడి కనిపిస్తాయి. ఆ మసీదు పేరు కాంపుంగ్ క్లింగ్. 'క్లింగ్' అంటే మన కళింగే! ఒకప్పుడు మన తీరం నుంచి ఓడలు ఇక్కడికి వచ్చేవి. నాకైతే ఆ వీధిలోనే గంటసేపు నిలబడాలనిపించింది.

మధ్యాహ్నం ఎండ గట్టిగా ఉంటుంది, సెయింట్ పాల్ కొండ పొద్దున్నే ఎక్కేయండి.