షాట్‌గన్ తంతుంటే, ప్యాడ్ కొనేముందు ఇవి చూడండి

డాలస్, హ్యూస్టన్ వైపు ఉండి వీకెండ్‌లో ట్రాప్ (గాల్లోకి ఎగిరే మట్టి పళ్లేల్ని షాట్‌గన్‌తో కొట్టే ఆట) ఆడే మనవాళ్లలో ఎవరి భుజం కమిలినా మొదటి ప్రశ్న "ఏ ప్యాడ్ మంచిది?" అనే. తుపాకి వెనక చివర తగిలించే ఈ రబ్బరు ప్యాడ్ పనిచేస్తుంది, కాదనను. కానీ తొడుక్కునే రకం ప్యాడ్ వేస్తే స్టాక్ (భుజానికి ఆనే చెక్క భాగం) దాదాపు ఒక అంగుళం పొడవవుతుంది, అసలే పొడవెక్కువైన తుపాకి అయితే దెబ్బ ఇంకా పెరుగుతుంది. కాబట్టి ముందు కొలతలు.

చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) వేలు పెట్టి మరీ తుపాకి ఖాళీ అని రెండుసార్లు చూసుకోండి. షూటింగ్‌కి వేసుకునే బట్టల్లోనే చూడాలి, ఎందుకంటే చలికాలం జాకెట్ ఒక్కటే పొడవు లెక్క మార్చేస్తుంది. ఏ ప్రమాదం లేని వైపు గొట్టం పెట్టి, కళ్లు మూసుకుని తుపాకి భుజానికెత్తి, తల కదపకుండా కళ్లు తెరవండి. ట్రిగర్ వైపు చేతి బొటనవేలి కణుపుకీ ముక్కుకీ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉంటే పొడవు దాదాపు సరిపోయినట్టే. ట్రిగర్ నుంచి బట్ (స్టాక్ వెనక చివర) దాకా 14, 14.5 అంగుళాల మధ్య వచ్చే ఫ్యాక్టరీ స్టాకులు సగటు మగవాడి కోసం చేసినవి. మీరు పొట్టిగా ఉన్నా, మీ ఆవిడ వాడినా అవి సరిపోతాయని అనుకోకండి.

అసలు సంగతి మాత్రం మచ్చ ఎక్కడ పడిందో చూస్తే తెలుస్తుంది. భుజం దాటి చేతి కండ మీద కమిలిందంటే స్టాక్ పొడవెక్కువ, లేదా బట్‌ని కాలర్ ఎముక కింది గుంటలో పెట్టకుండా పక్కకి పెడుతున్నారు. ఛాతీలో ఒకే చోట గుచ్చినట్టుంటే బట్ కింది మొన ముందు తగులుతోంది, అప్పుడు పై మర దగ్గర ప్యాడ్‌కీ చెక్కకీ మధ్య పల్చటి వాషర్ వేసి చూడండి. చెంప వాస్తే చాలాసార్లు కారణం కోంబ్ (స్టాక్ మీద చెంప ఆనించే పై అంచు) కిందికి ఉండటమే, రిబ్ (గొట్టం మీద గురి చూసే పట్టీ) కనబడక తల పైకెత్తుతారు, పేలగానే చెక్క ఎగిరి చెంప ఎముకకి తగులుతుంది. అంటించుకునే ఫోమ్ పొరలు ఒక్కొక్కటే పెంచుతూ రిబ్ కాస్త పైనుంచి కనబడేదాకా రండి.

ఇవన్నీ కుదిరాకే ప్యాడ్. కిక్-ఈజ్, లింబ్‌సేవర్, ప్యాక్‌మేయర్ ఏదైనా పర్లేదు, అంగుళం మందం చాలు. బట్‌కి ఉన్న గట్టి ప్లేట్ తీసి ప్యాడ్ బిగించేటప్పుడు ఆ తేడా మేరకు చెక్క కోయాలి, అది గన్‌స్మిత్‌కే వదిలేయండి, కొంచెం తక్కువే కోయమనండి, మిగతాది స్పేసర్లతో (మధ్యలో పెట్టే పల్చటి పలకలతో) సరిచేయొచ్చు. రబ్బరు పై అంచు చొక్కాకి పట్టేస్తుంటే అక్కడ నున్నటి టేప్ వేయండి.

అన్నిటికంటే చవకైన మందు తూటాలోనే ఉంది. 1⅛ ఔన్సు గుళ్లుండే తూటా బదులు 1 ఔన్సుకో ⅞కో దిగండి. ఒలింపిక్ ట్రాప్ ఆడేదే 24 గ్రాములతో, మన వీకెండ్ రౌండుకి అంతకన్నా ఎందుకు? సెమీ ఆటోమేటిక్ అయితే తేలిక తూటా పేలాక ఖాళీది బయటికి తోసి తర్వాతిది సరిగా ఎక్కించుకుంటుందో లేదో ముందు చూసుకోండి. చెవులకి ప్లగ్గులు, వాటి మీద మఫ్‌లు కూడా పెట్టండి, ట్రిగర్ దగ్గర ఉలిక్కిపడటానికి శబ్దం కూడా ఒక కారణమే.

కోంబ్ ఎత్తు మార్చాక మాత్రం 16 గజాల దూరంలో పెద్ద కాగితం పెట్టి కొట్టి చూడండి, గుళ్లు పడే చోటు కూడా పైకి జరిగుంటుంది.