గుమ్మడికాయకి ముఖం చెక్కే రోజు

న్యూజెర్సీకి వచ్చిన మొదటి ఏడాది అక్టోబర్ మొదటి వారంలోనే గుమ్మడికాయ చెక్కేశాం. ఇలా ముఖం చెక్కిన గుమ్మడికాయలో దీపం పెట్టి ఇంటి ముందు ఉంచే అమెరికా పండగ హాలోవీన్ ఏమో 31న. పదిహేనో తారీఖుకే బూజు పట్టి, నోరు లోపలికి కుంగి, పళ్లూడిన తాతలా తయారైంది. మా అబ్బాయి ఏడుపు ఇప్పటికీ గుర్తే. అందుకే చెబుతున్నా, 28కి ముందు కత్తి పట్టకండి.

అడుగు చదునుగా, తొడిమ గట్టిగా ఉన్న కాయ చూసుకోండి. తొడిమ చుట్టూ మూత కోసేటప్పుడు కత్తిని లోపలికి ఏటవాలుగా పెట్టాలి. నిలువుగా కోస్తే మూత లోపల పడిపోతుంది. మా ఇంట్లో ఈ మొదటి గాటు మా ఆయనదే. ఆడవాళ్లు గుమ్మడికాయ కొట్టకూడదని మా అత్తయ్య ఫోన్‌లోనే ఆర్డర్ వేశారు. నేనూ వాదించలేదు, ఆ చెక్కు గట్టిదనం చూశాక నాకే లాభం అనిపించింది!

గుజ్జు తీయడం పిల్లల పని. పాత పేపర్లు పరిచి, చొక్కా చేతులు పైకి మడిచి వదిలేయండి. మా పాప "ఛీ, జిగట" అంటూనే మోచేతి దాకా చెయ్యి పెట్టేస్తుంది. ముఖం వచ్చే వైపు లోపలి గోడని గరిటెతో అంగుళం మందం మిగిలేలా గీకండి, అప్పుడే రంపం సులువుగా దిగుతుంది. మార్కర్‌తో బొమ్మ గీసేది వాళ్లు, కోసేది మనం. వంటింటి కత్తి జారుతుంది, వద్దు. దీనికోసమే సన్నటి రంపాల సెట్లు అమ్ముతారు. ముందు కళ్లు, చివర్లో నోరు.

కోసిన అంచులకి వాజలిన్ రాస్తే తొందరగా వాడిపోదు. లోపల కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపం పెట్టండి. గింజలు కడిగి, ఆరబెట్టి, నూనె, ఉప్పు, కారం పట్టించి 350 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పావుగంట ఓవెన్‌లో పెడితే చాలు. మా ఇంట్లో దీపం వెలిగేలోపే ట్రే ఖాళీ.