రాకెట్ల ఖర్చుపై ఒక అభిప్రాయానికి రావడం ఎలా?

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరిన ప్రతిసారీ మన ఇళ్లలో, టీ కొట్ల దగ్గర రెండు మాటలు వినిపిస్తాయి. పేద దేశానికి ఇవన్నీ ఎందుకని ఒకరంటే, దేశం గర్వించే వేళ ఖర్చు లెక్కలేమిటని మరొకరు విసుక్కుంటారు. ఆవేశం తగ్గాక తీరిగ్గా సొంత అభిప్రాయం ఏర్పరచుకోవాలనుకునేవారు ముందుగా ఆ ప్రశ్నను విడగొట్టుకోవాలి. వాతావరణ ఉపగ్రహం, చంద్రుడి మీద దిగే ల్యాండర్, మనుషులను మోసుకెళ్లే గగన్‌యాన్ మూడూ వేర్వేరు పనులు. వాటి ఖర్చూ వేరు, ఫలమూ వేరు. తుపాను హెచ్చరికల పుణ్యాన్ని గగన్‌యాన్ ఖాతాలో జమ చేయడం సమర్థకులు తరచూ చేసే పొరపాటు.

తరువాత డబ్బు సంగతి. 2024-25 కేంద్ర బడ్జెట్‌లో మొత్తం వ్యయం సుమారు 48.21 లక్షల కోట్ల రూపాయలు కాగా, అంతరిక్ష శాఖకు కేటాయించినది సుమారు 13,043 కోట్లు, అంటే ప్రభుత్వం ఖర్చు పెట్టే ప్రతి వంద రూపాయల్లో 27 పైసలు. రాకెట్లు ఆపేస్తే పేదరికం పోతుందన్న వాదన ఈ లెక్క ముందు నిలవదు. అయితే వాటా చిన్నదైనంత మాత్రాన ప్రతి పద్దూ సమంజసమైపోదు. చంద్రయాన్-3కు అయిన ఖర్చు సుమారు 615 కోట్లు. గగన్‌యాన్ కార్యక్రమానికి, కక్ష్యలో కట్టబోయే అంతరిక్ష కేంద్రంలోని మొదటి భాగాన్ని కూడా కలుపుకొని, 2024లో సవరించిన మొత్తం 20,193 కోట్లు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడేవారితో వాదన పెట్టుకోకపోవడమే మేలు. బడ్జెట్ పత్రాలు చూసేటప్పుడు అంచనాలతో ఆగకుండా, సవరించిన అంచనాల వరుసను కూడా చదవాలి. కేటాయించినదంతా ఆ ఏడాదే ఖర్చు కావాలని లేదు.

ఇక ప్రయోజనం. అన్నింటినీ ఏకరువు పెట్టకుండా, ఒక్కదాన్ని ఎంచుకొని మొదటి నుంచి చివరిదాకా దాని వెంట నడవాలి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అధికారిక లెక్కల్లోనే సుమారు పది వేల మంది పోయారు. అప్పటికి మనకు సొంత వాతావరణ ఉపగ్రహం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నేరుగా విశాఖపట్నం మీద విరుచుకుపడినా రాష్ట్రంలో మృతుల సంఖ్య పదుల్లోనే ఉంది. ఈ తేడా అంతా ఉపగ్రహం గొప్పతనమేనని చెబితే అది సగం నిజమే అవుతుంది. రెండు తుపానులూ ఒక తీరువి కావు, ఉప్పెన తీవ్రతా ఒకటి కాదు. పైగా ఉపగ్రహ చిత్రం వాతావరణ శాఖకు చేరాలి, తీరంలోని రాడార్ దాన్ని బలపరచాలి, కలెక్టరేటు నుంచి మండలానికి కబురు వెళ్లాలి, ఊళ్లో దండోరా పడాలి, ఇల్లు వదలనని భీష్మించే ముసలమ్మను ఎవరో ఒకరు ఒప్పించి తుపాను షెల్టరుకు చేర్చాలి. ఇందులో ఏ మెట్టు విరిగినా పైనున్న ఉపగ్రహం చూస్తూ ఉండిపోవలసిందే. కాబట్టి ఉపగ్రహానికి డబ్బు అడిగేవారు షెల్టరు మరమ్మతుకూ అడుగుతున్నారా అన్నది గమనించాలి.

బడ్జెట్ పుస్తకంలో కనిపించని ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవాలి. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ ఉన్న శ్రీహరికోట దీవిలో 1971లో ప్రయోగాలు మొదలయ్యే నాటికే అడవిని, నీటిని నమ్ముకొని యానాదులు బతుకుతుండేవారు. రాకెట్ ప్రయోగ కేంద్రం కోసం వారిని అక్కడి నుంచి తరలించారు. నేటికీ ప్రయోగం రోజున ఆ చుట్టుపక్కల సముద్రంలోకి మత్స్యకారులు వెళ్లకూడదు. ప్రయోగాన్ని గ్యాలరీలో కూర్చొని చూసి చప్పట్లు కొట్టే మనకు, ఆ రోజు వేట మానుకున్నవారికి లెక్క ఒకేలా ఉండదు.

చివరగా అభిప్రాయాన్ని కాగితం మీద రెండు మూడు వాక్యాల్లో రాసి, ఏ సమాచారం ఎదురైతే దాన్ని మార్చుకుంటారో పక్కనే రాయాలి. నా కాగితం మీద ఉన్నది ఇది: వాతావరణ ఉపగ్రహాలకు, నేలను పైనుంచి గమనించే దూరసంవేదన ఉపగ్రహాలకు పూర్తి మద్దతు, చంద్రయాన్‌కు ఆ ధరలోనైతే సరే, గగన్‌యాన్ విషయంలో, మనిషి వెళితే తప్ప సాధ్యం కాని ప్రయోగాలేమిటో స్పష్టంగా చెప్పేవరకు సందేహమే.