ఎయిర్ రైఫిల్ పాఠాలు – 3: కాల్చకుండా దించడం

ఈ వారం పాఠానికి ఒక్క పెల్లెట్ (ఎయిర్ రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుండు) కూడా అక్కర్లేదు. రైఫిల్ ఎత్తుతాం, గురి చూస్తాం, కాల్చకుండా దించుతాం. పాఠమంతా ఇదే.

రెండో పాఠంలో నిలబడటం నేర్చుకున్నాక అందరికీ పేపర్ మీద చిల్లులు చూడాలని తొందరగా ఉంటుంది. నా దగ్గరికి వచ్చే పిల్లలూ అంతే. అయినా ట్రిగ్గర్ పాఠం కంటే ముందు దీన్నే పెట్టాను. పదమూడేళ్ల పిల్ల చేతికి రైఫిల్ ఇచ్చేటప్పుడు ఆ పిల్ల పది కొడుతుందా, తొమ్మిది కొడుతుందా అని నేను చూడను. గురి పెట్టాక కూడా ఆగగలదా అని చూస్తాను. ఆగడం వచ్చిన పిల్లలకు గురి నేర్పడం నాకు పెద్ద కష్టం కాలేదు.

మొదటి పాఠంలో చెప్పుకున్నవి ఒక్కసారి గుర్తు చేసుకోండి. బ్యారెల్ మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. ఖాళీ అని తెలిసినా సరే, లోడ్ అయి ఉన్న రైఫిల్ లాగే పట్టుకోవాలి. కాల్చేది లేనప్పుడు బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ ఉండాలి, ఆ నారింజ రంగు దారం రెండు చివరలా బయటికి కనబడాలి. మీ టార్గెట్ ఏదో ముందే చూసుకోవాలి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు.

ఇవి వినడానికి తేలికే. కానీ చేతులకు వేరే అలవాటు ముందే పడి ఉంటుంది. దీపావళికి రీలు తుపాకీ కొనిచ్చిన గంటలోనే పిల్లవాడు అన్నం తింటున్న తాతయ్య వైపు గురిపెట్టి ఠాప్‌మనిపిస్తాడు. ఇల్లంతా నవ్వుతుంది. తీర్థంలో బుడగలు కాల్చే కొట్టు దగ్గర తుపాకీ చేతిలో ఉండగానే ‘ఎలా కొట్టాను?’ అంటూ స్నేహితుడి వైపు తిరిగిపోతారు. చిన్నప్పుడు నవ్వులాటగా పడిన ఆ అలవాటును రేంజ్‌లో మొదటి నెలంతా వదిలించాల్సి వస్తుంది. తల్లిదండ్రులకు నా విన్నపం: బొమ్మ తుపాకీ అయినా సరే, మనిషి వైపు పెట్టనివ్వకండి.

నేనూ ఆ తప్పు చేశాను. ఇంటర్ చదివేటప్పుడు ఎన్‌సీసీ క్యాంపులో పాయింట్ టూ టూ రైఫిల్‌తో ఫైరింగ్. చాప మీద బోర్లా పడుకుని ఐదు రౌండ్లు కాల్చాలి. మూడో రౌండ్ పేలలేదు. ట్రిగ్గర్ నొక్కితే టిక్‌మని ఆగిపోయింది. ఏమైందో అడుగుదామని రైఫిల్ చేతిలో పట్టుకునే వెనక్కి తిరిగాను. మాకు ఫైరింగ్ నేర్పే ఉస్తాద్ ఒక్క అంగలో వచ్చి, అరచేత్తో బ్యారెల్‌ను నేలకు అదిమి పట్టాడు. అరవలేదు, తిట్టలేదు. ‘ఖాలీ కర్’ (రైఫిల్ ఖాళీ చెయ్యి) అని మాత్రం అన్నాడు. పక్క చాప మీద పడుకున్న అబ్బాయి ముఖం తెల్లబోయి ఉంది. నా బ్యారెల్ మూతి అతని తల మీదుగానే తిరిగిందని నాకు అప్పుడు అర్థమైంది. ఆ రోజు నన్ను లైన్‌లోంచి పంపేశారు, మిగతా రెండు రౌండ్లు నేను కాల్చలేదు. పంపేసి మంచి పని చేశారు.

పేలకపోతే చేయాల్సింది ఇది: వేలు బయటికి తీయాలి, బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచాలి, రైఫిల్ పట్టుకోని చెయ్యి ఎత్తి అలాగే ఉండాలి. మందుగుండు రైఫిల్ అయితే వెంటనే బోల్ట్ తెరవకూడదు, ఒక్కోసారి రౌండ్ ఆలస్యంగా పేలుతుంది. ఎయిర్ రైఫిల్‌లో ఆ భయం లేదు. అయినా లోపల ఇరుక్కున్న పెల్లెట్‌ను మీ అంతట మీరు కాల్చి తీసేయకూడదు. చెయ్యి ఎత్తితే రేంజ్ ఆఫీసర్ వస్తారు, వారు చెప్పినట్టు చేయాలి.

ఇక అసలు సంగతి. రైఫిల్ ఎప్పుడు దించాలి?

10 మీటర్ల టార్గెట్ మీద నల్లటి చక్రం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది. దాని నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. పోపులో వేసే ఆవగింజ కూడా దానికంటే పెద్దదే. ఈ పోటీలో టెలిస్కోప్ ఉండదు. రైఫిల్ మీద గురి చూసే అమరికలను సైట్లు అంటారు. వెనక సైట్‌లోని చిన్న రంధ్రంలోంచి, ముందు సైట్‌లోని రింగ్ మధ్యలో ఆ నల్లటి చక్రాన్ని నిలబెట్టాలి. రైఫిల్ బరువు నాలుగు, ఐదు కిలోలు ఉంటుంది, నిబంధనల ప్రకారం 5.5 కిలోలు దాటకూడదు. అంత బరువును ఊపిరి ఆపి కదలకుండా పట్టుకోగలిగేది కొద్ది సెకన్లే.

నల్లచక్రం రింగ్‌లో కుదిరిన తర్వాత ఐదారు సెకన్లు బాగుంటుంది. పది సెకన్లు దాటితే చేతుల కంటే ముందు కన్ను దెబ్బతీస్తుంది. ఒకే చోట రెప్ప వేయకుండా చూస్తూ ఉంటే, ఇందాకటి బొమ్మే కంటికి అంటుకుపోతుంది. రింగ్ మధ్యలో చక్రం చక్కగా ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి బ్యారెల్ అప్పటికే పక్కకు జరిగి ఉంటుంది. ‘సార్, సెంటర్‌లోనే ఉంది, అయినా ఎనిమిది పడింది’ అని పిల్లలు బిక్కముఖం పెట్టుకుని అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, వాళ్లకు అలాగే కనబడింది. కాబట్టి ఎనిమిది సెకన్లలోపు షాట్ పోకపోతే దించేయండి. మనసులో ‘ఇక కొట్టేద్దాం’ అన్న మాట వచ్చినా దించేయండి. ఆ మాట అలసట మాట. పక్క లేన్‌లో ఎవరో దగ్గినా, మోకాలు వణికినా, ఎదురుగా ఉన్నది మీ టార్గెటేనా అని ఒక్క క్షణం అనుమానం వచ్చినా సరే, దించండి.

ఆ చివరి అనుమానం గురించి ఒక నిజమైన కథ ఉంది. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్, 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ (మోకాలి మీద, పడుకుని, నిలబడి కాల్చే పోటీ) ఫైనల్. అమెరికా షూటర్ మ్యాట్ ఎమన్స్ మూడు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు. మిగిలింది ఒక్క షాట్. మామూలుగా కొట్టినా బంగారు పతకం అతనిదే. కొట్టాడు, గుండు టార్గెట్‌కే తగిలింది. కాకపోతే అది అతని టార్గెట్ కాదు, పక్క లేన్‌ది. స్కోరు సున్నా. బంగారం చైనా షూటర్ జియా ఝాన్‌బోకు వెళ్లింది. 2008 బీజింగ్‌లో అదే ఈవెంట్, మళ్లీ ఎమన్సే ముందున్నాడు, మళ్లీ చివరి షాట్. ఈసారి గురి కుదరకముందే వేలు ట్రిగ్గర్‌కు తగిలింది. 4.4 పాయింట్లే పడి నాలుగో స్థానానికి జారిపోయాడు. ప్రపంచంలోని అత్యుత్తమ షూటర్లలో ఒకడికి రెండు ఒలింపిక్స్‌లో బంగారాన్ని దూరం చేసినవి మనం మొదటి పాఠంలో రాసుకున్న రెండు నియమాలే: నీ టార్గెట్ ఏదో చూసుకో, గురి కుదిరేదాకా వేలు బయట ఉంచు. పోటీలో పోయింది పతకమే. అవే తప్పులు పొలంలోనో, వీధిలోనో జరిగితే పోయేది మనిషి. ఎమన్స్ ఆట మానలేదు, 2012 లండన్‌లో అదే ఈవెంట్‌లో కంచు గెలిచాడు. ఆ లండన్‌లోనే మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్‌కు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కంచు వచ్చింది. అంతకు నాలుగేళ్ల ముందు బీజింగ్‌లో నారంగ్ 600కి 595 కొట్టి కూడా, టై విడదీసే లెక్కలో వెనకబడి ఫైనల్‌కు చేరలేకపోయాడు. ఒక్క పాయింటు విలువ ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది!

‘మాటిమాటికీ దించుతుంటే టైమ్ అయిపోదా?’ అని ఒక అబ్బాయి అడిగాడు. లెక్క వేసుకోండి. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 60 షాట్లకు గంటా పావు సమయం ఇస్తారు, అంటే షాట్‌కు 75 సెకన్లు. లోడ్ చేసి, ఎత్తి, కాల్చి, ఊపిరి తీసుకోవడానికి 45 సెకన్లు పట్టిందనుకున్నా ఇంకా అరగంట మిగులుతుంది. ఆ అరగంట ఉన్నదే దించడానికి. పది, పదిహేనుసార్లు దించినా టెన్షన్ పడక్కర్లేదు.

ఎలా దించాలో ఇప్పుడు నెమ్మదిగా చూద్దాం. మొదట వేలు. ఎప్పుడూ వేలే మొదట. పోటీ ఎయిర్ రైఫిళ్లలో ట్రిగ్గర్ కనీస బరువు ఇంత ఉండాలన్న నియమం లేదు, అందుకే చాలామంది దాన్ని ఎంతో తేలికగా పెట్టుకుంటారు. చొక్కా గుండీ పెట్టుకునేటప్పుడు వేలు పెట్టే ఒత్తిడి చాలు, పేలిపోతుంది. చూపుడు వేలిని బయటికి తీసి ట్రిగ్గర్ గార్డ్ పక్కన చాచి ఆనించండి. వంచి ఉంచకండి, వంచిన వేలు ఉలిక్కిపడితే లోపలికే పోతుంది. తర్వాత ఊపిరి వదలండి. ఆ తర్వాత చెంప పైకి తీయండి. చివరికి రైఫిల్‌ను కిందికి తెచ్చి స్టాండ్ మీద ఆనించండి, మూతి టార్గెట్ల వైపే. చాలామంది చెంపను ముందు తీసేస్తారు. అప్పుడు కన్ను సైట్ వదిలేసి ఉంటుంది, వేలేమో ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంటుంది. ఇంతకంటే చెడ్డ స్థితి లేదు. లోడ్ అయి ఉన్న రైఫిల్‌తో కోచ్ వైపు తిరగొద్దు, ఎవరు పిలిచినా తల తిప్పొద్దు. ‘స్టాప్’ అని వినబడితే, గురి ఎంత బాగా కుదిరినా సరే, వేలు బయటికి రావాలి.

ఇంట్లో సాధనకు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో మీరు ఒకసారి, పెద్దవాళ్లు ఒకసారి చూడాలి. పెల్లెట్ల డబ్బా వేరే గదిలో ఉండాలి. తలుపు, కిటికీ లేని గోడను ఎంచుకోండి. ఐదు మీటర్ల దూరంలో నిలబడేలా ఉంటే, తెల్ల కాగితం మీద 15 మిల్లీమీటర్ల నల్ల చుక్క గీసి అంటించండి. సొంత రైఫిల్ లేనివాళ్లు లీటరు నీళ్ల సీసా ఎత్తి సాధన చేయవచ్చు, ఈ వారానికి అది చాలు. నాన్నో, అక్కో వెనక నిలబడాలి. మీరు పదిసార్లు ఎత్తుతారు, ప్రతిసారీ ఎనిమిది లెక్కపెట్టి దించుతారు. వాటిలో మూడు నాలుగుసార్లు, ముందు చెప్పకుండా, లెక్క మధ్యలోనే వాళ్లు ‘దించు’ అంటారు. ఆ మాటకు ముందు కదిలింది వేలా, చెంపా అన్నది వాళ్లు చూసి చెప్పాలి. మొదటి రెండు రోజులు చాలామందికి చెంపే కదులుతుంది. నా దగ్గర ఒకమ్మాయి నాలుగో రోజు సాయంత్రానికి వేలు ముందు తీయడం పట్టుకుంది. ఐదో రోజు వాళ్ల అమ్మ వంటింట్లోంచి ఎవరితోనో ‘కుక్కర్ దించు’ అంటే ఈ పిల్ల వేలు దానంతట అదే బయటికి వచ్చేసిందట. అది అలవాటైందనడానికి నాకు అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పెద్దవాళ్లకు మరో మాట. 0.177 బోర్ (బ్యారెల్ లోపలి వ్యాసం, అంగుళాల్లో), 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు మన దేశంలో లైసెన్సు అడగరు. దాంతో చాలామంది దాన్ని బొమ్మగా చూస్తారు. పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్లు పోతుంది, కంటికి తగిలితే కన్ను పోతుంది. వాడనప్పుడు తాళం వేసి ఉంచండి. రైఫిల్‌కు ఉండే గాలి సిలిండర్ మీద ముద్రించిన గడువు తేదీ చూసుకోండి, గడువు దాటింది వాడనివ్వకండి. కోతుల మీద, కుక్కల మీద, పిట్టల మీద కాల్చడానికి నేర్పమని కొందరు వస్తారు. వాళ్లకు నేను నేర్పను. ఈ పాఠాలు వాళ్ల కోసం కాదు.

పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవడం మరవొద్దు.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎత్తిన ప్రతిసారికీ ఒక గీత గీయండి. మీ అంతట మీరు, ఎవరూ చెప్పకుండా, ఎనిమిది రాకముందే ‘ఇది వద్దు’ అనుకుని దించిన గీత చుట్టూ ఒక సున్నా చుట్టండి. పక్కన కారణం ఒక్క మాటలో రాయండి: మోకాలు, చూపు, తొందర, అనుమానం, ఏదైనా. వచ్చే పాఠంలో ట్రిగ్గర్ మొదలుపెడతాం. రేంజ్‌కు వచ్చేవాళ్లు ఆ నోట్‌బుక్ తెచ్చుకోండి. ఏడు రోజుల్లో ఒక్క సున్నా కూడా లేని పేజీలు కనబడితే, వాళ్లతో మళ్లీ ఈ పాఠం నుంచే మొదలుపెడతాను.