పిస్టన్ పిన్ను దిగకపోయినా, మోగినా, లాకు ఊడినా: కారణం ఎక్కడుంది?

ట్రాక్టర్లు, జీపుల డీజిల్ ఇంజిన్లలో పిస్టన్‌ను కాన్ రాడ్ (కనెక్టింగ్ రాడ్)కు కలిపే పిస్టన్ పిన్ను మామూలుగా రాడ్ చిన్న చివరలోని బుష్ (లోహపు గొట్టం)లోనూ తిరుగుతుంది, పిస్టన్‌లోనూ తిరుగుతుంది. పక్కకు జరగకుండా అటొకటి ఇటొకటి లాకులు (గాడిలో కూర్చునే స్ప్రింగు రింగులు) ఆపుతాయి. ఇక్కడ ఎక్కువగా ఈ రకం గురించే. లాకు గాడి లేని పిస్టన్ల సంగతి చివర్లో చెబుతాను.

పిన్ను పిస్టన్‌లోకి దిగడం లేదు

చాలా ఇంజిన్లలో ఇది లోపమే కాదు. అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు పిన్ను బిగుతుగా ఉండేలాగే తయారు చేస్తారు. పిస్టన్‌ను మరిగే నీళ్లలో కాసేపు ఉంచి, తీసి, తుడిచి, పిన్నుకు ఆయిల్ రాసి నెట్టండి. 30 మి.మీ. రంధ్రం 60 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.04 మి.మీ. పెద్దదవుతుంది. బొటనవేలితోనే పిన్ను జారిపోతుంది. సుత్తి మాత్రం పట్టుకోకండి. దెబ్బ పిన్నుకే తగులుతోందనిపిస్తుంది గానీ, ఆ దెబ్బకు పిస్టన్ ఆకారం చెడుతుంది, రాడ్ వంగుతుంది.

పిస్టన్‌లో సరే, రాడ్ బుష్‌లో దిగడం లేదు

కొత్త బుష్‌ను ప్రెస్‌లో ఎక్కించగానే దాని లోపలి కొలత కాస్త తగ్గుతుంది. ఎక్కించాక రీమర్‌తో చెక్కో, హోనింగ్ రాళ్లతో రుద్దో లోపలి సైజుకు తేవాలి. లేత్ షాపుకు రాడ్ ఒక్కటే పంపకండి, వేయబోయే పిన్ను కూడా ఇవ్వండి. ఆయిల్ రాసిన పిన్ను వేలి ఒత్తిడికి మెత్తగా జారాలి, అటూ ఇటూ ఊపితే మాత్రం ఆడకూడదు. గ్యాప్ ఎంతుండాలో మీ ఇంజిన్ మాన్యువల్ చూసుకోండి. ఎమెరీ కాగితంతో రుద్ది వదులు చేస్తే ఆ రజను బుష్‌లో పాతుకుపోయి పిన్నును తినేస్తుంది. బుష్‌కు ఆయిల్ రంధ్రం ఉంటే అది రాడ్ రంధ్రానికి ఎదురుగా వచ్చిందో లేదో సన్నటి తీగ దూర్చి చూడండి.

ఐడిల్‌లో జంటగా టక్‌టక్ మోత

ఇది వదులైన పిన్ను మోత కావచ్చు. పాత రకం (కామన్ రైల్ కాని) డీజిల్ ఇంజిన్ అయితే ఇంజెక్టర్ పైపు నట్లను ఒక్కొక్కటిగా వదులు చేయండి. ఎక్కడ మోత తీరు మారితే ఆ సిలిండర్‌ను అనుమానించండి. చల్లగా ఉన్నప్పుడు మోగి, వేడెక్కాక తగ్గితే అది పిస్టన్ మోత. లోడ్ మీద బరువుగా కొడితే బిగ్ ఎండ్ బేరింగ్ (రాడ్ పెద్ద చివర, క్రాంక్ దగ్గరిది) చూడండి. విప్పాక పిన్ను మీద గోరు గీయండి. మెట్టు తగిలితే పిన్ను, బుష్ రెండూ మార్చాలి.

లాకు మళ్లీ మళ్లీ ఊడుతోంది

అందరూ లాకునే తిడతారు. పాత లాకు తిరిగి వాడితే ఊడే మాట నిజమే. కొత్తవే వేయాలి, గాడిలో మసి లేకుండా గీకాలి, లాకు నోరు (రింగు తెరిచి ఉన్న చోటు) పైకో కిందికో ఉండాలి. పిస్టన్ పైకీ కిందికీ విసురుగా తిరిగేటప్పుడు, నోరు పక్కకు ఉన్న లాకు ముడుచుకుని గాడి వదిలే ప్రమాదం ఉంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఊడితే రాడ్ వంగిందేమో చూడండి. వంగిన రాడ్ పిన్నును ఎప్పుడూ ఒకే పక్కకు తోస్తుంది, ఆ తోపుడుకు ఏ లాకూ నిలవదు. పాత పిస్టన్ ఒకవైపు పైన, రెండోవైపు కింద ఐమూలగా అరిగి ఉంటే అనుమానం తీరినట్టే. రాడ్‌ను అలైన్‌మెంట్ ఫిక్చర్ మీద పెట్టించి వంపు, మెలిక రెండూ చూపించండి. ఊడిన లాకు స్లీవును (పిస్టన్ కదిలే సిలిండర్ గొట్టాన్ని) లోతుగా చీరేస్తుంది; దాంతో పోలిస్తే ఈ ఖర్చు ఏపాటిది?

లాకు గాడి లేని పిస్టన్లు

చాలా పెట్రోల్ కార్లలో పిన్ను రాడ్‌లో బిగుసుకుని, పిస్టన్‌లో మాత్రమే తిరుగుతుంది. రాడ్ చిన్న చివరను ఎలక్ట్రిక్ హీటర్‌తో సుమారు 250 డిగ్రీలకు వేడిచేసి, చల్లటి పిన్నును ఒక్క ఊపులో మధ్యకు తోయాలి. ఎంతవరకు వెళ్లాలో ఆపే ఫిక్చర్ ముందే సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే సెకన్లలో పట్టేస్తుంది. సగంలో ఆగితే కొట్టొద్దు; ప్రెస్‌లో తీసి, కొత్త పిన్నుతో మళ్లీ మొదలుపెట్టండి. గ్యాస్ మంటతో వేడి ఒకేలా ఉండదు. రాడ్ నీలం రంగుకు తిరిగితే వేడి మితిమీరినట్టే.

ఏ రకమైనా, బిగించే ముందు పిస్టన్ మీది బాణం గుర్తు, రాడ్ మీది గుర్తు మాన్యువల్ చెప్పిన వైపుకే ఉన్నాయా అని ఇంకోసారి చూడండి.