పాప్ పంక్ గిటార్ – మూడవ పాఠం: గ్రీన్ డే పాటల్లో కుడిచేతి పని

గత పాఠంలో పవర్ కార్డ్ పట్టడం నేర్చుకున్నాం. సా, పా – రెండే స్వరాలు. తంబురాలో మామూలుగా వినిపించేవీ ఈ రెండే. మధ్యలో గాంధారం లేదు కనుక ఆ కార్డు తనంతట తాను సంతోషమూ చెప్పదు, దిగులూ చెప్పదు. ఆ భావాన్ని గొంతు, కుడిచెయ్యి కలిసి తీసుకురావాలి. ఈ వారం కుడిచేతి వంతు. ఈ సంగీతానికి ప్రాణం అక్కడే ఉందని నా గట్టి నమ్మకం.

ముందు 'బాస్కెట్ కేస్' ఒకసారి వినండి. అమెరికన్ పంక్ బ్యాండ్ గ్రీన్ డే నుంచి 1994 ఫిబ్రవరి 1న వచ్చిన 'డూకీ' ఆల్బమ్‌లోది. ఆరంభంలో బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు, అతని గిటార్ మాత్రమే ఉంటాయి. మైక్ డర్న్‌ట్ బేస్, ట్రే కూల్ డ్రమ్ములు తర్వాత వచ్చి చేరతాయి. ఆ మొదటి భాగంలో గిటార్ మోగుతున్నట్టు ఉండదు, గొంతు నొక్కిపెట్టినట్టు ఉంటుంది. దాన్నే పామ్ మ్యూట్ అంటారు. తనను పీడించిన ఆందోళన గురించే ఆర్మ్‌స్ట్రాంగ్ ఈ పాట రాశాడు. అది పానిక్ డిజార్డర్ అని అతనికి తర్వాతగానీ తెలియలేదు. లోపల బిగబట్టిన ఊపిరిని ఆ అరచెయ్యే వినిపిస్తుంది.

ఇప్పుడు గిటార్ అందుకోండి. చిటికెన వేలి కింద అరచేతి అంచు మెత్తగా ఉంటుంది కదా, దాన్ని బ్రిడ్జ్ మీద, అంటే గిటార్ ఒంటి మీద తీగలు ఆనుకునే పట్టీ మీద, ఆనించండి. సగం బ్రిడ్జ్ మీద, సగం తీగల మీద ఉండాలి. తీగను కొట్టి వినండి. 'టక్' అని చచ్చిపోతే చెయ్యి ముందుకు పోయింది, కొద్దిగా వెనక్కి తీయండి. పూర్తిగా మోగితే వెనకబడింది. 'దుగ్' అని, స్వరం తెలుస్తూనే వెంటనే ఆగిపోయే చోటు ఒకటి దొరుకుతుంది. ఆ చోటు వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లకు మించదు. దాన్ని చెయ్యి గుర్తుపెట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది, కాబట్టి తొందరపడకండి. చేతిని అదమకూడదు, ఆనించాలంతే.

చెయ్యి కుదిరాక పాటలోకి వెళ్దాం. 'డూకీ'తో కలిపి వాయించాలంటే అన్ని తీగలనూ అర మెట్టు, అంటే ఒక్క ఫ్రెట్ అంత, కిందికి దించుకోవాలి. మూల స్వరాలు ఇవి: 5వ తీగ 7వ ఫ్రెట్, తర్వాత 6వ తీగ మీద 7, 9, 4, 5, మళ్లీ 5వ తీగ 7, చివరికి 6వ తీగ 7. శంకరాభరణం స్వరాల్లో చెప్పుకుంటే స ప ద గ మ స ప. 17వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త పాకెల్‌బెల్ రాసిన ప్రసిద్ధ 'కానన్'లో కింది స్వరాలు కూడా స ప ద గ మ స అనే మొదలవుతాయి. ఎన్ని తరాల చెవులు ఈ నడకకు అలవాటు పడ్డాయో చూడండి.

ఒక్కో కార్డుకు ఎనిమిది దెబ్బలు, చివరి 'ప'కు పదహారు. అన్నీ పైనుంచి కిందికే. పిక్‌ను పైకి కొడితే పని తేలికవుతుంది కానీ ఆ కసి రాదు. తాళం కొట్టే మెట్రోనోమ్‌ను నిమిషానికి 80 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. అసలు పాట వేగం సుమారు 170. ముంజేయి నొప్పి పుడితే అక్కడే ఆపేయండి.

రెండో అభ్యాసం అదే ఆల్బమ్‌లోని 'వెన్ ఐ కమ్ అరౌండ్'. ఇది నిదానమైన పాట. 6వ తీగ 3, తర్వాత 5వ తీగ మీద 5, 7, 3. ఇక్కడ చెయ్యి ఒక్క చోట ఉండదు. కార్డును ఒక్కసారి తెరిచి మోగించి, మరుక్షణం అరచెయ్యి దించి 'దుగ్ దుగ్' అనిపించాలి. తెరవడం, మూయడం తాళంలో కలిసిపోయాయంటే పామ్ మ్యూట్ మీకు వచ్చినట్టే.

ఈ బాణీ పుట్టిన చోటు గురించి ఒక మాట. బర్కిలీలో గిల్‌మన్ వీధి 924 నంబరు భవనం స్వచ్ఛంద కార్యకర్తలు నడిపే పంక్ వేదిక. గ్రీన్ డే అక్కడే పెరిగింది. మొదటి రెండు ఆల్బమ్‌లు లుకౌట్ అనే చిన్న సంస్థ నుంచి వచ్చాయి. 'డూకీ' కోసం రిప్రైజ్ అనే పెద్ద సంస్థతో ఒప్పందం చేసుకోగానే ఆ వేదిక తలుపులు వాళ్లకు మూసుకుపోయాయి. ఆ బాధ తర్వాతి పాటల్లో వినిపిస్తుంది.

2003లో, దాదాపు పూర్తయిన ఒక ఆల్బమ్ టేపులు పోయాయి. వాటినే మళ్లీ రికార్డు చేయకుండా కొత్తగా మొదలుపెట్టారు. అలా 2004లో 'అమెరికన్ ఇడియట్' వచ్చింది. దాని మొదటి పాటలో గిటార్ ఒక విసురు విసిరి పూర్తిగా ఆగిపోతుంది, ఆ ఖాళీలో డ్రమ్ముల మీద గొంతు పలుకుతుంది. అలా ఆపడానికి రెండు చేతులూ కావాలి: కుడి అరచెయ్యి తీగల మీద పడాలి, ఎడమ వేళ్లు ఫ్రెట్ మీద వత్తిడి వదలాలి. రోజూ అయిదు నిమిషాలు ఇది కూడా సాధన చేయండి.

వచ్చే వారం 1997 నాటి 'గుడ్ రిడన్స్'. అందులో డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని గరగరలాడించడం) లేదు, డ్రమ్ములు లేవు. మొదట్లో వేళ్లు తడబడి రెండుసార్లు ఆగిన చప్పుడును రికార్డులో అలాగే ఉంచేశారు. అది విని రండి.