సోర్స్ పేరు చెప్పని విలేకరి కథను గుంటూరు నేపథ్యంలో తెరకు రాసుకోవడం ఎలా?

సమాచారం ఇచ్చిన మనిషిని కాపాడుకునే విలేకరి కథ అనగానే మన కుర్రవాళ్లు కోర్టు బోనుతో మొదలుపెట్టి కోర్టు బోనుతోనే ముగిస్తున్నారు. జడ్జి పేరు చెప్పమంటారు, విలేకరి చెప్పనంటుంది, వెనక నుంచి వయొలిన్ మోగుతుంది. చదివి అభిప్రాయం చెప్పమని నా దగ్గరికి తెచ్చే లఘుచిత్రాల స్క్రిప్టుల్లో ఇలాంటివి ఏటా రెండు మూడైనా ఉంటాయి, అన్నింటిలోనూ లోపం ఒకటే. ఒక మనిషి నోరు మూసుకుని కూర్చోవడం తెర మీద రెండు నిమిషాలకు మించి నిలవదు. ఆమె నోరు మూసుకున్నా ఆమె చుట్టూ ఉన్న కాగితాలు, ఫోన్లు, అంకెలు, చివరికి వాసనలు కూడా మాట్లాడేస్తుంటాయి. వాటన్నింటి నోళ్లూ మూయించలేక ఆమె పడే అవస్థను పట్టుకుంటేనే కథ నడుస్తుంది. అరగంట సినిమాకు ఆ అవస్థను ఎలా అల్లుకోవాలో, గుంటూరును నేపథ్యంగా తీసుకుని ఇక్కడ చెబుతాను.

ముందుగా వార్త ఏమిటో తేల్చుకోవాలి. "పెద్ద కుంభకోణం" అని రాసి వదిలేస్తే సోర్స్‌కు పనీ ఉండదు, ముఖమూ ఉండదు. మన కల్పిత కథలో వేసవిలో ఒక కోల్డ్ స్టోరేజీ తగలబడిందనుకుందాం. సీజన్‌లో రోజుకు లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి సరుకు దిగే మిర్చి యార్డు ఉన్న ఊరిలో, ధర వచ్చేదాకా రైతులు తమ పంటను ఏసీల్లో, అంటే కోల్డ్ స్టోరేజీల్లో, దాచుకుంటారని, అక్కడ ఇచ్చే బాండ్ల (సరుకు రసీదుల) మీద అప్పులు కూడా తెచ్చుకుంటారని ప్రేక్షకులకు వేరే చెప్పనక్కరలేదు. మంటల్లో పోయిందని బీమా సంస్థకు చూపించిన సరుకులో కొంత, ప్రమాదానికి వారం ముందే రాత్రిపూట లారీల్లో గేటు దాటిపోయింది. ఆ సంగతి తెలిసినవాడు గేటు దగ్గర రిజిస్టరు రాసే గుమాస్తా. ఆయనకు యాభై ఎనిమిదేళ్లు, కూతురి పెళ్లి కుదిరి ఉంది, అల్లుడి కుటుంబం అదే యజమాని దగ్గర కమీషన్ వ్యాపారం చేస్తోంది. ఇంత మాత్రం తెలిస్తే చాలు, ఆయన పేరు బయటపడితే ఏమవుతుందో ఒక్క డైలాగు కూడా అక్కరలేకుండా అర్థమవుతుంది.

విలేకరిని ఎక్కడ నిలబెట్టాలన్నది తరువాతి నిర్ణయం. హైదరాబాదులో గాజు గదిలో కూర్చునే ఎడిటర్‌కు కంపెనీ లాయర్ ఉంటాడు. మండల స్థాయి కంట్రిబ్యూటర్‌కు నెల జీతమే ఉండదు, అచ్చయిన వార్తల కొలతను బట్టి వచ్చే లైన్ అకౌంటే గతి. ఈ ఇద్దరి నడుమ, గుంటూరు బ్యూరోలో పనిచేసే మహిళా విలేకరిని ఎంచుకోండి. ఇందుకు చట్టపరమైన కారణం ఒకటి ఉంది, దాని దగ్గరికి తరువాత వస్తాను.

ఇప్పుడు అసలు పని. ఒక కాగితం తీసుకుని, గుమాస్తా పేరు ఎవరూ చెప్పకుండానే ఎన్ని దారుల్లో బయటపడగలదో రాసుకోండి. మొదటి దారి అంకె. ఆ రాత్రులు గేటు దాటినవి 1,140 టిక్కీలు. విలేకరి ఆ అంకెను ఉన్నదున్నట్టు రాస్తే, సరిగ్గా అంతేనని తెలిసినవాళ్లు యజమాని, గుమాస్తా ఇద్దరే గనుక, మర్నాడు తెల్లారేసరికి ఆరా ముగిసిపోతుంది. "వెయ్యికి పైగా" అని ఆమె రాస్తుంది. డెస్కులో సబ్ ఎడిటర్ ఫోన్ చేసి "కచ్చితమైన లెక్క లేదా అమ్మా, వార్త పలచబడిపోతోంది" అంటాడు. ఈ చిన్న సంభాషణను తొందరపడి కత్తిరించకండి. నిజమైన విలేకరులకు రోజూ ఎదురయ్యే పేచీ ఇది, సినిమాల్లో నాకు ఎక్కడా కనిపించనిదీ ఇదే.

రెండవ దారి చేతిరాత. గుమాస్తా ఏడు అంకె రాసేటప్పుడు నడుమ చిన్న అడ్డగీత గీస్తాడు. రిజిస్టరు పేజీని ఫోన్‌లో ఫోటో తీసి ఆమెకు చూపించాడు. ఆమె దానిని ఆధారం కోసం బ్యూరో ఇన్‌చార్జికి పంపింది. పేజీలో ఖాళీ మిగిలిందని రాత్రి పదకొండు గంటలకు డెస్కు ఆ ఫోటోను మూడు కాలాల వెడల్పున వేసేసింది. ఉదయం ఆరు గంటలకు టీ కొట్టు దగ్గర పత్రిక తెరిచిన విలేకరికి వార్త కనబడదు, శీర్షిక కింద తన పేరు కూడా కనబడదు, ఆ అడ్డగీత ఒక్కటే కనబడుతుంది. కెమెరాను అక్కడే ఆపండి. డెస్కులో పనిచేసిన రోజుల్లో ఇలాంటి ఫోటో ఒకటి నా చేతుల మీదుగానే అచ్చుకు వెళ్లింది. ఎవరి ఉద్యోగం పోయిందో మాకు నెల తరువాత తెలిసింది. అందుకే ఈ సన్నివేశం గురించి కొంచెం పట్టుబట్టి చెబుతున్నాను.

మూడవది ఫోన్. మాటల రికార్డింగ్ దొరకనక్కరలేదు. ఎవరు ఎవరికి ఎప్పుడు ఎంతసేపు ఫోన్ చేశారో చూపే కాల్ జాబితా, ఫోన్ ఏ టవర్ పరిధిలో ఉందో చెప్పే వివరం సరిపోతాయి. అందువల్ల వాళ్లిద్దరినీ ఫోన్లు ఇంట్లో వదిలేసి గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే నాన్‌స్టాప్ బస్సులో కలవనివ్వండి. మంగళగిరి దాటి కనకదుర్గ వారధి వచ్చేలోగా మాట ముగించాలి, ఆమె బస్టాండులో దిగి వెంటనే తిరుగు బస్సు ఎక్కాలి. సన్నివేశానికి గడువు దానంతట అదే వస్తుంది, లొకేషన్ ఖర్చూ తగ్గుతుంది. ఆయన ఆమెను "మేడమ్" అని, ఆమె ఆయనను "బాబాయ్ గారూ" అని పిలుచుకోవడం సహజంగా ఉంటుంది. పేర్లు పలికించవద్దు.

నాలుగవది ఘాటు. ఎండుమిరపకాయల మధ్య ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి చొక్కాకు, ఆయన తెచ్చే కాగితానికి ఆ ఘాటు పడుతుంది. బస్సులో ముందు సీటు పెద్దావిడ ఊరికే తుమ్ముతుంది. ఇంటికి తెచ్చిన కవరు విప్పగానే విలేకరి అత్తగారు తుమ్ముతుంది. ఈ రెండు తుమ్ములను నవ్వు పుట్టించేటట్టే తీయండి, మూడవది వచ్చినప్పుడు ఎవరికీ నవ్వు రాకూడదు.

ఇక చట్టం. అమెరికా కథలను చూసి రాసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. అక్కడ 1972లో బ్రాంజ్‌బర్గ్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు, నలుగురు తేడాతో, గ్రాండ్ జ్యూరీ (నేరారోపణ చేయాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) పిలిస్తే విలేకరి సాక్ష్యం చెప్పవలసిందేనని తీర్పునిచ్చింది. 2005లో న్యూయార్క్ టైమ్స్ విలేకరి జుడిత్ మిల్లర్ సోర్స్ పేరు చెప్పనందుకు 85 రోజులు జైలులో ఉన్నారు, ఆ సోర్సే చెప్పడానికి అనుమతినిచ్చిన తరువాత బయటికి వచ్చారు. మనకు గ్రాండ్ జ్యూరీ లేదు. జడ్జి బల్ల మీద కొట్టే సుత్తి కూడా లేదు, దయచేసి కొనవద్దు.

మన దగ్గర ఉన్నది వేరు. ప్రెస్ కౌన్సిల్ చట్టం, 1978లోని 15వ సెక్షన్ రెండవ ఉపసెక్షన్, సోర్స్‌ను వెల్లడించమని విలేకరిని బలవంతపెట్టరాదని అంటుంది, కానీ ఆ రక్షణ ప్రెస్ కౌన్సిల్ ముందు జరిగే విచారణకే పరిమితం. కోర్టుల్లోనూ కొంత రక్షణ ఉండేలా సాక్ష్య చట్టంలో 132ఎ సెక్షన్ చేర్చాలని లా కమిషన్ తన 93వ నివేదికలో 1983లోనే సిఫారసు చేసింది. అది అమలుకు రాలేదు. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో న్యాయవాదికీ కక్షిదారుకూ, భార్యకూ భర్తకూ మధ్య జరిగిన మాటలకు రక్షణ ఉంది, విలేకరికి లేదు. అయినా విలేకరి పూర్తిగా దిక్కులేనిది కాదు. పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌ను ఫోన్లలోకి చొప్పించారన్న వ్యవహారంలో 2021 అక్టోబరులో ఇచ్చిన ఉత్తర్వులో సుప్రీంకోర్టు, సోర్స్‌కు రక్షణ పత్రికా స్వేచ్ఛకు మౌలికమైన షరతుల్లో ఒకటని పేర్కొంది. మీ కథలో లాయర్ పాత్ర పట్టుకుని వాదించడానికి ఆ ఒక్క వాక్యం ఉంది, గెలుపుకు హామీ మాత్రం లేదు. కథకు ఇంతకంటే మంచి స్థితి మరొకటి ఉండదు.

మహిళా విలేకరిని ఎందుకు ఎంచుకోమన్నానో ఇప్పుడు చెబుతాను. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం సాక్షిగా విచారించేందుకు మహిళను ఆమె నివాసానికి కాక వేరే చోటికి రమ్మని పోలీసులు ఆదేశించకూడదు. కాబట్టి స్టేషన్ సెట్ వేయనక్కరలేదు, ఇన్‌స్పెక్టరే బ్రాడీపేటలోని ఆమె ఇంటి హాల్లోకి వస్తాడు. అత్తగారు కాఫీ ఇస్తుంది, పక్కింటివాళ్లు తలుపు సందులోంచి చూస్తారు. ఆయన గద్దించడు. "మీరు మా చెల్లెలి లాంటివారు, మీకు ఎందుకమ్మా ఈ గొడవ" అంటూ సోదా మొదలుపెట్టిస్తాడు. అదే సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదానూ స్వాధీనాన్నీ వీడియో తీయాలి గనుక ఒక కానిస్టేబుల్ ఫోన్ పట్టుకుని నిలబడతాడు. టీపాయ్ మీద ఉన్న కవరును ఇన్‌స్పెక్టర్ చేతిలోకి తీసుకుంటాడు. విప్పుతాడు. తుమ్ముతాడు. తరువాత ఏమీ అనకుండా కవరు వైపూ, ఆమె వైపూ చూస్తాడు. కోర్టులో రెండు పేజీల వాదన రాసినా ఈ చూపుకు సాటి రాదు.

కోర్టు సన్నివేశం కావాలనే అనుకుంటే పరువునష్టం కేసు పెట్టించండి. కోల్డ్ స్టోరేజీ యజమాని ఫిర్యాదు మీద ఆమె నిందితురాలు అవుతుంది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు సాధారణ జైలు శిక్షకు అవకాశం ఉంది. నిందితురాలు కాబట్టి తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని రాజ్యాంగంలోని 20(3) అధికరణ ప్రకారం ఆమెను ఎవరూ బలవంతపెట్టలేరు. కానీ రాసింది నిజమని, ప్రజాహితం కోసం రాశానని నిరూపించుకునే భారం ఆమెదే. నిరూపించగలిగిన ఏకైక సాక్షి, ఆ రోజు కోర్టుకు రాకూడని గుమాస్తా. సాక్షిగా పిలిచినప్పుడు కోర్టు ఆదేశించినా జవాబివ్వకపోవడం వేరు, అది ధిక్కారం అవుతుంది, 1971 చట్టం ప్రకారం ఆరు నెలల వరకు సాధారణ జైలు, రెండు వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఈ రెండింటినీ ఒకే సన్నివేశంలో కలిపేసిన స్క్రిప్టులు చాలా చూశాను. మీరు ఏదో ఒకటి ఎంచుకుని, గుంటూరు కోర్టులో ప్రాక్టీసు చేసే న్యాయవాది ఎవరికైనా ఆ పేజీలు చూపించి సరిచేయించుకోండి.

ముగింపు విషయంలో నా సలహా ఒక్కటే. గుమాస్తాను కోర్టు తలుపు దగ్గర ప్రత్యక్షం చేసి "నేనే చెప్పాను" అనిపించవద్దు. అలా చేస్తే విలేకరి అంతసేపు పడ్డ కష్టం వృథా అవుతుంది, కూతురి పెళ్లి సంగతి మీరూ మరిచిపోయినట్టు అవుతుంది. మిల్లర్ విషయంలో జరిగినట్టు ఆయన అనుమతి ఇవ్వడానికి రావచ్చు, అయితే మళ్లీ అదే నాన్‌స్టాప్ బస్సులో. "చెప్పెయ్యండి మేడమ్" అని ఆయన అంటాడు. ఆమె కిటికీలోంచి కృష్ణా నది వైపు చూస్తూ "పెళ్లి ఎప్పుడు బాబాయ్ గారూ?" అని అడుగుతుంది. వారధి వస్తుంది.

స్క్రిప్టు పూర్తయ్యాక ఒక ఎర్ర పెన్సిల్ తీసుకుని, గుమాస్తా ఎవరో యజమాని మనుషులు ఊహించగలిగే ప్రతి చోటా గీత గీయండి. నాలుగు గీతలకు తక్కువ పడితే కథలో బిగువు లేదని గ్రహించి రెండవ అంకం మళ్లీ రాయండి. పదికి మించితే ఇన్‌స్పెక్టర్‌ను మరీ అమాయకుణ్ని చేశారన్నమాట, గీతలు తగ్గించండి.